బాలింతకు తోడెవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇరవై ఏళ్లు నిండకముందే తల్లులైన ఆడపిల్లల గురించినవి. వాటిని రాసినవాళ్లు అత్తలు, పొరుగువాళ్లు, సంఘాల్లో పనిచేసేవాళ్లు. తల్లి స్వయంగా రాసిన ఉత్తరం మాత్రం ఒక్కటే. ఇరవై ఏళ్లకు పైగా గ్రామ సంఘాలతో కలిసి బాలింతల ఇళ్లకు తిరిగిన అనుభవంతో ఈ జవాబులు రాస్తున్నాను. అందరి పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక గ్రామం. నేను గ్రామ సమాఖ్యలో పనిచేస్తున్నాను. మా ఊళ్లో ఏడాది లోపు బిడ్డలున్న చిన్న వయసు తల్లులు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ల కోసం నెలకొకసారి సమావేశం పెడదామని మూడు నెలలు మైకులో చెప్పించాం. మొదటిసారి ఇద్దరు వచ్చారు, రెండోసారి ఒక్కరు, మూడోసారి ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు కూడా నోరు విప్పలేదు. మేమేం తప్పు చేస్తున్నాం?

మీరు ముందుగా ఆ పద్నాలుగు మందిలో ఎవరు ఎవరింట్లో ఉన్నారో చూడండి. మన ఊళ్లలో మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. పేరు అత్తవారి ఊళ్లోని ఆశా కార్యకర్త దగ్గర నమోదై ఉంటుంది, మనిషి పుట్టింట్లో ఉంటుంది. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు మొదలు నలభై రెండో రోజు వరకు ఆరుసార్లు వెళ్లాలన్నది నియమం. కానీ పుట్టింటి ఊరి జాబితాలో ఆ అమ్మాయి పేరు లేనందువల్ల అక్కడ ఆమె తలుపు తట్టేవారుండరు. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి చేరేసరికి ఆ నలభై రెండు రోజులూ ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి. నేను చూసినంతలో చిన్న వయసు తల్లి బాగా ఒంటరిదయ్యేది సరిగ్గా అప్పుడే. అమ్మ దగ్గర లేదు, నర్సమ్మ రాకపోకలు తగ్గాయి, ఇంటి పని మొత్తం తిరిగి నెత్తిన పడింది. కాబట్టి మీ ఊరికి కొత్తగా వచ్చిన తల్లి ఎవరు, కాన్పుకని మీ ఊరి నుంచి వెళ్లిన అమ్మాయి ఎవరు అని అంగన్‌వాడీ టీచరుతోనూ ఆశా కార్యకర్తతోనూ కూర్చుని నెలకొకసారి సరిచూసుకోండి. అమ్మాయి ఏ ఊరికి వెళ్లినా తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్లమని చెప్పండి. ఆ కార్డు చూపితే ఏ ఊళ్లోనైనా టీకాలు, పరీక్షలు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి కొనసాగించడం సులువవుతుంది.

ఇక మైకు సంగతి. పిలిస్తే వచ్చే స్వేచ్ఛ ఆ అమ్మాయికి లేదు. పొదుపు సంఘంలో సభ్యురాలు ఆమె కాదు, వాళ్ల అత్తగారు. అందువల్ల మీ మొదటి సమావేశం కోడళ్లతో కాకుండా సంఘంలో ఇప్పటికే ఉన్న అత్తలతో జరగాలి. తమ కాన్పుల నాటి సంగతులు చెప్పమని వాళ్లను అడగండి. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి బిడ్డ దక్కలేదు, ఎవరిని ఎడ్ల బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు అన్న కథలు వాళ్ల నోట వస్తే, కోడలిని గంటసేపు బయటికి పంపమని మీరు అడగాల్సిన అవసరమే రాదు. ఒక ఊళ్లో ఇలా మాట్లాడించిన తరువాత, అంతవరకు కోడలిని గడప దాటనివ్వని అత్తగారే మనవణ్ణి చంకనెత్తుకుని అంగన్‌వాడీకి ముందు నడిచి వచ్చారు.

కొత్త తేదీ పెట్టకండి. బుధవారమో శనివారమో టీకాల రోజు ఎలాగూ తల్లులు వస్తారు. ఆ రోజే సూది వేయించిన తరువాత బిడ్డను కాసేపు కనిపెట్టి ఉండేందుకు అక్కడే కూర్చోమంటారు కదా, ఆ అరగంటే మీది. మిరప కోతల రోజుల్లో అదీ కుదరకపోతే ఇద్దరు ముగ్గురిని ఒక ఇంటి వసారాలో కూర్చోబెట్టండి. పద్నాలుగు మంది ఒకేచోట చేరాలన్న పట్టు మీకు అక్కర లేదు.

నోరు విప్పకపోవడానికి కారణం మనం ఉపన్యాసం ఇవ్వడమే. ముర్రుపాలు పట్టాలి, ఆకుకూరలు తినాలి అని వాళ్లు వంద సార్లు విన్నారు. జార్ఖండ్, ఒడిశాల్లోని మూడు జిల్లాల్లో 2005 నుంచి 2008 వరకు ఏక్‌జుట్ అనే సంస్థ చేసిన పని మీకు ఉపయోగపడుతుంది. అక్కడ ఊరి మనిషే ఒకామె నెలనెలా ఆడవాళ్లను కూర్చోబెట్టి, బొమ్మల కార్డులతో ఒక తల్లి కథ చెప్పి, ఇలా ఎందుకు జరిగింది, మన ఊళ్లో అయితే ఏం చేసేవాళ్లం అని అడిగేది. జవాబులు వాళ్లవే, చేసిన ఏర్పాట్లూ వాళ్లవే. ఆ ఊళ్లలో నెల లోపు శిశువుల మరణాలు, అలాంటి సమావేశాలు లేని ఊళ్లతో పోలిస్తే మూడేళ్లలో 32 శాతం తక్కువగా ఉన్నాయి. మూడో ఏట తల్లుల్లో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు కూడా సగానికి పైగా తగ్గింది. ఈ ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కథ చుట్టూ కూర్చుంటే ఆడవాళ్లు మాట్లాడతారన్నది మనకూ కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో వాచకంలోని ఒక పాఠం గురించి మొదలైన మాటలే దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమమై, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీశాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అక్కడ విన్న మాట బయటికి పోకూడదు. సమావేశంలో ఫొటోలు తీయవద్దు, ఎవరేం చెప్పారో రిజిస్టరులో రాయవద్దు. భర్త కొడుతున్నాడని ఒక అమ్మాయి చెప్పిన మాట సాయంత్రానికి రచ్చబండ చేరితే, ఆ తరువాత మీ దగ్గరికి ఎవ్వరూ రారు.

ప్రశ్న: మా కోడలికి పంతొమ్మిదేళ్లు. బాబు పుట్టి ఏడు వారాలైంది. ఎప్పుడూ గోడకేసి తిరిగి పడుకుంటుంది. బాబు ఏడ్చినా వెంటనే ఎత్తుకోదు, పాలివ్వడానికి విసుక్కుంటుంది, రాత్రి బాబు పడుకున్నా తను నిద్రపోదు. మొన్న “నా వల్ల కాదు, నేను మంచి తల్లిని కాను” అని ఏడ్చింది. గాలి సోకిందని కొందరు, బద్ధకమని కొందరు అంటున్నారు. తాయెత్తు కట్టించాం. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు? – జగిత్యాల జిల్లా నుంచి ఒక అత్తగారు

అమ్మా, మీకు భయం వేయడమే మంచిదైంది. బద్ధకమని వదిలేసి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు చాలామంది తల్లులకు కారణం లేకుండా ఏడుపు వస్తుంది, రెండు వారాల్లో అది దానంతటదే సర్దుకుంటుంది. ఏడు వారాలైనా తగ్గలేదంటే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టడం లేదంటే, అది కాన్పు తరువాత వచ్చే కుంగుబాటు కావచ్చు. ఇది జబ్బు. గుణం చెడ్డదై వచ్చేది కాదు, గాలి సోకి వచ్చేదీ కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా మనిషి ఇలాగే నీరసించిపోతుంది కాబట్టి రక్త పరీక్షలు కూడా చేయించాలి. ఈ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ, జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుల దగ్గరికి గానీ తీసుకెళ్లండి. పాలిచ్చే తల్లికి మందులు ఇవ్వకూడదని చాలామంది వెనకాడతారు. పాలు మాన్పించకుండానే వాడదగిన మందులు ఉన్నాయి, ఏది వాడాలో డాక్టరుగారు నిర్ణయిస్తారు. ఆసుపత్రికి వెళ్లేలోపు మాట్లాడేందుకు మానసిక ఆరోగ్య సహాయం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళలోనైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చచ్చిపోవాలనుందని గానీ, బిడ్డను ఏమైనా చేస్తానేమోనని గానీ ఆమె అన్నా, ఎవరూ లేకున్నా మాటలు వినిపిస్తున్నాయన్నా, రెండు మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడినా ఒక్క గంట కూడా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. ఆమెను గానీ బిడ్డను గానీ ఒంటరిగా వదలవద్దు. “మంచి తల్లిని కాను” అన్న మాట విన్నారు కనుక, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని మీరే సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అడిగినందుకు గుండె బరువు దిగి ఏడ్చినవాళ్లనే నేను చూశాను.

ఇంట్లో మీరు చేయవలసింది కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ఇంటికి వెళ్లాను. మంచం కింద కుంపటి, గదినిండా సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది పెట్టుకుని పద్దెనిమిదేళ్ల పిల్ల కూర్చుని ఉంది. అందరూ బిడ్డకు పాలు చాలడం లేదంటున్నారు. నేను వేరే మాటేమీ ఎత్తకుండా, నువ్వు పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాను. తలుపు వైపు ఒకసారి చూసి, చీర ఉయ్యాల పక్కన మడిచి పెట్టిన బిడ్డ పాత గుడ్డల కింద నుంచి ఒక చిన్న నీళ్ల సీసా తీసి చూపించింది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని రోజుకు మూడు గ్లాసులే ఇస్తున్నారు. చెల్లెలు బడికి వెళ్లే ముందు ఆ సీసా నింపి పెట్టి వెళ్తోంది. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. పథ్యం పేరుతో తాము పడిందే పిల్లకూ పెడుతున్నారు, అంతే. అమ్మా, బాలింతకు దాహమేసినన్ని నీళ్లు కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండు అన్నీ కావాలి. ఉత్త కారప్పొడి అన్నంతో పాలూ రావు, ఒంట్లో నెత్తురూ పట్టదు. రాత్రి ఒకసారి పాలు పట్టిన తరువాత బాబును మీరు మీ పక్కన పడుకోబెట్టుకుని, ఆమెకు వరుసగా నాలుగు గంటలు నిద్ర దక్కేలా చూడండి. మీ అబ్బాయికీ ఇందులో వంతు ఉంది. బాబు గుడ్డలు మార్చడం, భుజాన వేసుకుని తిప్పడం మగవాడు చేయకూడని పనులు కావు. మీ కోడలి స్నేహితురాలో అక్కో ఉంటే వారానికి రెండుసార్లు వచ్చి కూర్చోమనండి. పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గరి పల్లెల్లో మన ఆశాల వంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటు ఉన్న తల్లుల ఇళ్లకు పంపి పద్ధతి ప్రకారం మాట్లాడిస్తే, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి కుంగుబాటు మిగిలినవాళ్లు నూటికి 23 మందే. అలాంటి సంభాషణ అందని తల్లుల్లో నూటికి 53 మందికి అది అలాగే ఉండిపోయింది. అక్కడ మాట్లాడినవాళ్లు డాక్టర్లు కారు.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. ఆసుపత్రి మాత్రం మానవద్దు.

ప్రశ్న: మా చెల్లికి మొదటి కాన్పు. కేంద్రం ఇచ్చే అయిదు వేలు ఎలా వస్తాయి? దానికి ఎవరో వెయ్యి రూపాయలు అడుగుతున్నారు. – నంద్యాల జిల్లా

ఒక్క పైసా ఇవ్వవద్దు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు 5,000 రూపాయలు రెండు విడతలుగా వస్తాయి. గర్భం నమోదై, ఒక పరీక్షయినా జరిగిన తరువాత 3,000, బిడ్డ పుట్టుక నమోదై మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఒకేసారి ఇస్తారు. అంగన్‌వాడీ టీచరు దగ్గరో ఆశా కార్యకర్త దగ్గరో దరఖాస్తు చేసుకోవాలి. బ్యాంకు ఖాతా మీ చెల్లి పేరునే ఉండాలి, దానికి ఆధార్ జతపడి ఉండాలి. డబ్బు పడినట్టు వచ్చే సందేశం భర్త ఫోనుకు కాకుండా ఆమె ఫోనుకే వచ్చేలా నంబరు ఇప్పించండి. చేతిలో పడిన ఆ కొద్ది డబ్బును తానే ఖర్చు పెట్టుకున్న తల్లి ముఖం వేరుగా ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితమేనని కూడా ఆమెకు చెప్పండి.

ప్రశ్న: మా వీధిలో ఒక అమ్మాయికి నిరుడే పెళ్లి చేశారు. ఇంకా పద్దెనిమిది నిండలేదు, ఇప్పుడు నాలుగో నెల. ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందని ఇంట్లోనే ఉంచుతున్నారు. ఆమె కళ్లు తెల్లగా పాలిపోయాయి. నేను చెబితే వాళ్లకు ద్రోహం చేసినట్టవుతుందా? – కర్నూలు జిల్లా

ఇది ఒక్క వీధి బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో అయ్యారు. దేశం మొత్తం మీద అది 6.8 శాతమే.

చట్టం ఏమంటుందో దాచకుండా చెబుతాను. పద్దెనిమిది నిండని పిల్లతో శారీరక సంబంధం, భార్య అయినా సరే, నేరమేనని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం అటువంటి సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పవలసి ఉంటుంది, ఆసుపత్రి వారూ చెప్పవలసిందే. అయితే ఆ కారణం చూపి ఆమెకు వైద్యం నిరాకరించే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ఇంట్లో దాచి ఉంచితే కేసు తప్పుతుందని వాళ్లు అనుకుంటున్నారు. కానీ నెత్తురు లేని పదిహేడేళ్ల ఒంటికి కాన్పు సమయంలో రక్తస్రావమైతే ప్రాణానికే ముప్పు, అప్పుడు చేరేదీ ఆ ఆసుపత్రికే. ఆ రెండు భయాల్లో ఏది పెద్దదో ఆ తల్లిదండ్రులకు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. మీరు చెప్పండి, ఒంటరిగా కాకుండా ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్లండి.

పిల్లల సహాయానికి 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లు ఉన్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. ముందు ఆ న్యాయవాదితో మాట్లాడించి, తరువాత ఏం జరుగుతుందో కుటుంబానికి తెలిసేలా చేస్తే సగం బెదురు తగ్గుతుంది. ఆ అమ్మాయికి తెలియవలసినవి మరి రెండున్నాయి. బాల్య వివాహాన్ని రద్దు చేయమని కోరే హక్కు ఆమెకు పద్దెనిమిది నిండిన తరువాత రెండేళ్ల వరకు ఉంటుంది. రద్దయినా ఆ బిడ్డ చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. అన్నిటికంటే ముందు, ఇంట్లో అందరూ లేని చోట ఆమెను ఆమె మనసులో ఏముందో అడగండి. ఈ వ్యవహారంలో ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ వేసి ఉండరని నా అనుమానం.

మీరు చేసేది ద్రోహం కాదు.

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో పెళ్లయి చదువు ఆగిపోయింది. పాపకు ఎనిమిది నెలలు. మళ్లీ చదవాలని ఉంది. “పిల్ల తల్లివి, నీకిప్పుడు చదువెందుకు” అంటున్నారు. చదవగలనా? – సూర్యాపేట జిల్లా

చదవగలవమ్మా. నీ ఉత్తరంలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంటర్ పూర్తి చేయడానికి రోజూ కాలేజీకి వెళ్లనక్కర లేని దారి తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం. ప్రవేశాలకు ఏటా ప్రకటన ఇస్తారు. మీ మండలంలో వాళ్ల అధ్యయన కేంద్రం ఏ పాఠశాలలో ఉందో వెళ్లి అడుగు. నీ పదో తరగతి మెమో, బదిలీ పత్రం పుట్టింట్లో ఉంటే ఇప్పుడే తెప్పించుకో. వెతకడం మొదలుపెట్టేసరికి గడువు దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇంటర్ తరువాత ఇంటి దగ్గర నుంచే డిగ్రీ చదవడానికి హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం మొట్టమొదట వెలిసింది, 1982లో, మన దగ్గరే.

ఇంట్లో వాళ్లతో చదువు మొత్తం గురించి వాదించకు. పాప పడుకున్న తరువాత రోజుకొక గంట, వారానికొక రోజు తరగతి, అంతవరకే అడుగు. అత్తయ్య సంఘంలో ఉంటే ఆ సంఘం అక్కల చేత ఒక మాట చెప్పించు. కోడలు చదివితే సంఘం లెక్కలు రాయడానికి మనిషి దొరుకుతుందన్న మాట విని ఒప్పుకున్న అత్తలున్నారు. పాపకు పాలు మాన్పించాల్సిన పని లేదు. పరీక్షల రోజులకు ఒక ఏర్పాటు మాత్రం ముందే చేసుకోవాలి. మా సంఘంలో ఒక అమ్మాయి పరీక్ష రాసినన్ని రోజులూ సంఘం అక్కలు వంతులు వేసుకున్నారు. కేంద్రం గేటు దాటి కొంచెం దూరంలో వేపచెట్టు కింద చాప పరచి, గిలక, పాత చీర, నీళ్ల సీసా పెట్టుకుని ఒకామె బిడ్డతో కూర్చునేది. ఆ అమ్మాయి లోపలికి వెళ్లే ముందు ఒకసారి, బయటికి రాగానే ఒకసారి పాలిచ్చేది. నీ పరీక్ష తేదీలు రాగానే వాటిని ఒక కాగితం మీద రాసి, ఏ రోజు పాప దగ్గర ఎవరుంటారో ఆ తేదీ పక్కనే వాళ్ల పేరు రాయించుకో.